ఆసఫియా పతాకం: మత చిహ్నమా, వంశ చిహ్నమా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో నిజాం పాలన ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఆసఫియా జెండా ప్రస్తావనా వస్తుంది. దానిని అభిమానంతో తలచేవారూ, ద్వేషంతో తలచేవారూ ఒక్క విషయంలో ఏకీభవిస్తారు: అది ముస్లిముల జెండా అని. ఈ అభిప్రాయం ఎంతవరకు సమంజసమో పరిశీలిద్దాం.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కాడు. ఆయన కాలపు పతాకం పసుపుపచ్చనిది. నడుమ గుండ్రని కుల్చా రొట్టె గుర్తు. పైన ‘అల్ అజ్మతు లిల్లాహ్’ - ఘనత అల్లాహ్‌దే అని. మధ్యలో ‘నిజాముల్ ముల్క్ ఆసఫ్ జాహ్’ అనే వంశ బిరుదు. క్రింద ‘యా ఉస్మాన్’ అనే సంబోధన. పై మాటను మాత్రమే చదివినవారికి ఇది ధర్మపతాకంగా కనిపించవచ్చు. కాని మూడింటినీ కలిపి చదివితే, మొదటి వాక్యమే తక్కిన రెండింటినీ ప్రశ్నిస్తున్నదని తెలుస్తుంది.

కుల్చాకు ఒక గాథ ఉంది. మొదటి నిజాం ఔరంగాబాదు సూఫీ హజ్రత్ నిజాముద్దీన్ వద్ద ఏడు కుల్చాలు తిన్నాడనీ, అందువల్ల ఏడు తరాలు ఏలుబడి సాగుతుందని ఆయన దీవించారనీ చెబుతారు. అయితే 1748లో మొదటి నిజాం మరణించాక 1762 వరకు నాసిర్ జంగ్, ముజఫ్ఫర్ జంగ్, సలాబత్ జంగ్ వరుసగా పాలించారు. వారిని లెక్కించకుంటేనే ఏడు సరిపోతుంది. గాథ అందమైనదే, చరిత్రకు సాక్ష్యం మాత్రం కాజాలదు.

ఇక ఇస్లాం చరిత్రలో జెండా స్థానమేమిటి? హిజ్రీ 8 (629)లో ముఅతా యుద్ధంలో పతాకం మొదట జైద్ బిన్ హారిసా (ర) చేత ఉన్నది. ఆయన ఒకప్పుడు బానిస. ఆయన అమరుడైన పిదప దైవప్రవక్త (స) పినతండ్రి కుమారుడు జాఫర్ (ర), తరువాత మదీనా అన్సారీ అబ్దుల్లాహ్ బిన్ రవాహా (ర) దానిని అందుకున్నారు. అది వంశపు సొత్తు కాలేదు. బాధ్యతగా చేతులు మారింది.

మన ప్రాంతంలోనే మరొక నిదర్శనం ఉంది. సూర్యాపేట నుండి కోదాడకు వెళ్ళే దారిలోని మునగాల పరగణా నాడు మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లాలోనిది. చుట్టూ నిజాం రాజ్యం. 1947 ఆగస్టు 15 వరకు మునగాలలో బ్రిటిష్ జెండా, ఆపైన త్రివర్ణ పతాకం. కోదాడలో 1948 సెప్టెంబరు వరకు ఆసఫియా జెండా. రెండుచోట్లా ముస్లిముల ఖిబ్లా ఒక్కటే, నమాజు ఒక్కటే. హద్దు దాటినప్పుడు పాలకుడు మారాడు, దీన్ మారలేదు.

ఈ తేడాను విస్మరించినందుకు సామాన్యులు భారీ మూల్యం చెల్లించారు. 1948 ఆగస్టులో రజాకార్లను విమర్శించిన ఉర్దూ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ హత్యకు గురయ్యాడు. సైనిక చర్య అనంతరం సంస్థానంలో, ముఖ్యంగా మరాఠీ, కన్నడ జిల్లాలలో, కనీసం 27 వేల నుండి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయారని సుందర్‌లాల్ సంఘం అంచనా వేసింది. వారిలో అత్యధికులు ముస్లిములే. కోటలోని రాజుకు భరణం లభించింది. పల్లెలోని పేదవాడు రాజు జెండాకు జవాబుదారీ అయ్యాడు.

కనుక ఆసఫియా పతాకాన్ని చరిత్ర పత్రంగా భద్రపరచుకుందాం, నిష్పక్షపాతంగా చదువుదాం. దాని ఘనతను మన ఖాతాలో వేసుకోనక్కరలేదు. దాని తప్పులను మన బిడ్డల మెడకు చుట్టనివ్వనూ రాదు. పతాకం మీది మొదటి వాక్యమే ఇందుకు చాలిన ఆధారం.