గుండ్ల నడుమ బాట

సముద్రతీర నగరములలో చరిత్రను నడిపించి చూపువారికి సముద్రమే సగము పని చేసిపెట్టును. విశాఖపట్నపు పాతబస్తీలో కోటవీధినుండి బయలుదేరి కొంత దూరము నడచునప్పటికి, దర్గా కొండయు, రాస్ హిల్లును, వేంకటేశ్వర కొండయు మూడు మతములవారి ప్రార్థనాస్థలములను తలదాల్చి ఓడరేవు వైపు చూచుచుండగా, వెంటనున్న మార్గదర్శకుడు చేయి చాచి చూపినచో చాలును. ఓడలు ఎందుకు వచ్చినవో, ఊరు ఎందుకు పెరిగినదో వినువానికి తనంత తానే స్ఫురించును. భీమునిపట్నములోని డచ్చివారి సమాధులయొద్ద నిలిచినను, తొట్లకొండపై బౌద్ధభిక్షువులు రాతిలో తొలిపించుకొన్న నీటితొట్ల యంచున నిలిచినను, కెరటముల చప్పుడు మనలను విడువదు. మరి సముద్రము లేనిచోట, పైగా నిన్నమొన్న పుట్టినదని అందరును చెప్పుకొను మాదాపురము, రాయదుర్గము, గచ్చిబౌలి వంటి చోట, నడిపించి చూపుటకు ఏమున్నదని నన్ను పలువురు అడిగియున్నారు. ఆ ప్రశ్నకు ఈ వారము సమాధానము చెప్పవలెనని నా సంకల్పము.

1998 నవంబరులో అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన దినముతోనే ఈ ప్రాంతపు కథ మొదలైనదని మనకొక నమ్మకము కుదిరిపోయినది. కాని ఆ భవనమునకు అనతిదూరములో, నేడు తీగెల వంతెన క్రింద దీపములతో మెరయుచున్న దుర్గం చెరువు, ఒకనాడు గోల్కొండ కోటకు మంచినీరందించిన చెరువు. పాత బొంబాయి రోడ్డు ప్రక్కన హుస్సేన్ షా వలీ దర్గా కలదు. 1562 ప్రాంతమున జరిగిన హుస్సేన్ సాగర నిర్మాణముతో ఆయన పేరు ముడిపడియున్నది. షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి నేటికిని నిలిచి, మచిలీపట్నమును తన రేవుగా చేసికొని దేశదేశములతో వర్తకము నెరపిన ఒక రాజ్యపు బాటసారులకు అది బసగా నుండెనన్న సంగతిని జ్ఞాపకము చేయుచున్నది. ఇవన్నియు నాలుగైదు వందల యేండ్ల మాట. వీనికన్నిటికిని క్రింద, వీనిని భరించుచు, అద్దాల మేడలను సైతము భరించుచు నున్న గ్రానైటు శిల భూవిజ్ఞానశాస్త్రజ్ఞుల నిర్ణయము ప్రకారము సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిది. 1591లో వెలసిన చార్మినారును మనము పురాతనమనుచున్నాము. హిమాలయములు తలయెత్తనారంభించి 5 కోట్ల యేండ్లు మాత్రమే అయినవి. ఆ లెక్కన ఈ గుట్టల వయస్సును ఏ మాటతో చెప్పవలెను?

ఈ శిలలను చూచుటకై మనుష్యులను ఒకచోట చేర్చి నడిపించు అలవాటు హైదరాబాదులో ఎప్పటినుండియో కలదు. నగరము పడమరకు విస్తరించుచు గుట్టలను ఒకటొకటిగా కంకరగా మార్చుచుండుట చూచి కలతచెందిన కొందరు చిత్రకారులు, ఛాయాగ్రాహకులు, ప్రకృతిప్రియులు కలసి 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ అను సంఘమును స్థాపించిరి. జర్మనీలో జన్మించి హైదరాబాదును స్వంత యూరుగా చేసికొన్న ఫ్రౌకే క్వాదర్ ఆ సంఘమునకు ప్రాణమై పనిచేసిరి; నగర చరిత్రకారుడును, ఉన్నతాధికారియునైన నరేంద్ర లూథర్ దానికి అండగా నిలిచిరి. లూథర్ మాటలతో సరిపెట్టుకొనక, బంజారా హిల్స్‌లోని తన యింటిని అచటి బండలను తొలగింపకయే వాని నడుమ కట్టుకొని, రాయియు మనిషియు ఒకే కప్పుక్రింద ఉండవచ్చునని చేసి చూపిరి. నెలనెలా జరుగు ఈ శిలాయాత్రలలో అప్పుడప్పుడు పాల్గొని, ఆ పిమ్మట తెలిసినవారి వెంట స్వయముగాను ఈ గుట్టలలో తిరిగి, నడిపించుట యన్నది ఎంతటి విద్యయో నేను కొంత గ్రహించితిని.

ఒక ఆదివారము తెల్లవారుజామున ఖాజాగూడ గుట్టలపైకి మమ్ములను తీసికొనిపోయిన పెద్దమనిషి భూగర్భశాస్త్రమును బోధించి విశ్రమించినవారు. గుట్ట మొదట నిలిచి ఉపన్యాసమేదియు చేయలేదు. కొంత యెత్తు ఎక్కిన పిదప, ఒకదానిపై నొకటి నిలిచిన మూడు గుండ్లయొద్ద ఆగి, మేమే అడుగుదుమని ఊరకుండిరి. శ్రీకాకుళమునుండి వచ్చి నానక్‌రామ్‌గూడలో ఉద్యోగము చేసికొనుచున్న ఒక యువతి చివరకు, “ఇవన్నీ ఎవరు పేర్చారండీ?” అని అడిగినది. “ఎవరూ పేర్చలేదమ్మా. ఇవి ఎక్కడి నుంచీ దొర్లుకుంటూ రాలేదు. పుట్టినచోటనే ఉన్నాయి. చుట్టూ ఉన్నదే పోయింది” అని ఆయన బదులుచెప్పి, చేతిలోని సీసానుండి కొంచెము నీరు బండపై ఒలకబోసిరి. ధూళి కొట్టుకొనిపోయి, అంతవరకు బూడిదరంగుగా కానవచ్చిన రాయి రంగులు విప్పినది: గులాబివన్నె ఫెల్డ్‌స్పార్ పలుకులు, వాని నడుమ గాజువంటి క్వార్ట్‌జ్, అచ్చటచ్చట సూర్యకిరణము తగిలి తళుక్కుమను నల్లని అభ్రకపు రేకులు. పిమ్మట ఆయన వేలి కణుపుతో బండను ఒకచోట తట్టగా గట్టి చప్పుడు వచ్చినది. బారెడు అవతల తట్టగా డొల్ల చప్పుడు వచ్చినది. ఆ రెండవచోట పైపెచ్చు ఉల్లిపొరవలె లేచియున్నది. మేమందరము ఒకరి తరువాత నొకరము తట్టి చూచితిమి.

అంత ఆయన ఆ గుండ్ల పుట్టుకను వివరించిరి. నేలలోపల బహులోతున చల్లారి గట్టిపడిన శిలపై నున్న పొరలు యుగయుగములుగా అరిగిపోగా, పైభారము తగ్గిన రాయి సాగి, నిలువునను అడ్డమునను నెరియలు విచ్చును. ఆ నెరియలలోనికి దిగిన వాననీరు ఫెల్డ్‌స్పార్‌ను మెత్తని బంకమట్టిగా మార్చుచు, అన్ని వైపులనుండి తాకిడికి లోనగు మూలలను ముందుగా తినివేయుటచేత, నలుపలకల దిమ్మలు నేలక్రిందనే గుండ్రనివగును. ఆపైని వానలు ఆ మట్టిని కడిగివేయగా, లోపలి గుండ్లు నిలిచినవి నిలిచినట్లే వెలికివచ్చును. ఏ రాక్షసుడో ఎత్తి పెట్టినట్లును, తాకినచో దొర్లిపడునట్లును తోచు ఆ బండలు, లోకములో మానవుడు పుట్టకమునుపే తమ నిలకడను తాము కుదుర్చుకొన్నవి. ఈ సంగతి తెలిసిన పిమ్మట మాలో ఎవరును ఆ గుండ్లను మునుపటి కంటితో చూడలేకపోయితిమి. మార్గదర్శకుని విద్య ఇదియే. తాను చెప్పదలచినదానిని చెప్పుటకంటె, వినువానిచేత ప్రశ్న పుట్టించి, ఆ ప్రశ్నకు జవాబును రాతిమీదనే చూపించుట అందులోని నేర్పు. ఆ గుట్టమీది దర్గాను గూర్చియు, గుడిని గూర్చియు జనులు చెప్పుకొను కథలను ఆయన ఎంతో ఆదరముతో చెప్పిరి. కాని ఐతిహ్యమును ఐతిహ్యముగాను, ఆధారమున్న దానిని ఆధారముతోను వేరుపరచి చెప్పిరి. ఈ నిగ్రహము లేని మార్గదర్శకుడు వినోదము కలిగించునే గాని జ్ఞానము కలిగింపజాలడు.

దిగివచ్చునప్పుడు ఒక పెద్ద బండ నడినెత్తిన, జానెడుకొకటి చొప్పున తిన్నగా తీర్చిన గుంతల వరుస కానవచ్చినది. ఒక్కొక్కటి రెండు వ్రేళ్లు పట్టునంత. అవి వడ్డెరలు శానముతో తొలిచినవి. ఏ వాటమున చీలునో రాతిని చూచి పోల్చుకొని, ఆ గీటువెంట గుంతలు తొలిచి, వానిలో ఇనుపచీలలు దించి, సమ్మెటతో వరుసగా మోదుచు పోయినచో, బండ గోడవలె నిటారుగా రెండగును. ఏ కారణముననో ఆ పని అచ్చట సగములో ఆగినది. గుంతల అంచులు నునుపుదేరినవి. కొన్నిటిలో నిలిచిన వాననీటిలో పాచి పట్టినది. నేనందులో వ్రేలు పెట్టి చూచితిని. ఆ చేతిపనివారిపై నాకు ఎట్టి యాక్షేపణయు లేదు. ఇంటికి గడపబండను, పొలమునకు గట్టురాతిని, గుడికి మెట్టును ఇచ్చినవారు వారే. చేతితో కొట్టినన్నినాళ్లు గుట్ట గుట్టగానే మిగిలినది. మందుపాతర పెట్టి పేల్చి, యంత్రములతో చదునుచేయు పద్ధతి వచ్చిన పిమ్మటనే, తరముల పని వారములలో ముగియుట మొదలైనది.

పూర్వులు బండను అడ్డంకిగా నెంచలేదనుటకు గోల్కొండ కోటయే తార్కాణము. అచటి ప్రాకారములను శ్రద్ధగా పరికించినచో, దారికడ్డముగా నున్న మహాశిలను తొలగింపక, గోడను దానివరకు తెచ్చి ఆనించి, ఆవలివైపునుండి మరల సాగించిన చోటులు కానవచ్చును. రాయికి రాయి బలమని ఎరిగిన శిల్పుల యోచన యది. నాలుగు వందల యేండ్ల క్రితము ఫిరంగులకు ఎదురొడ్డవలసిన కోటకే అడ్డుకాని గుండు, నేడు ఒక కార్యాలయ ప్రాంగణమునకు అడ్డెట్లగునో నాకు బోధపడదు.

ఈ నడకలు ఊరక పోలేదు. 1981 నాటి నగరాభివృద్ధి సంస్థ నియమావళిలోని 13వ నియమము పురాతన భవనములకు రక్షణ కల్పింపగా, శిలాప్రియుల ప్రయత్నముచేత ఆ రక్షణ కొన్ని శిలాసముదాయములకును దక్కినది. మొదట తొమ్మిది శిలాస్థలములు వారసత్వ సంపదగా పరిగణింపబడినవి. శిల్పారామములోని ఎలుగుబంటి ముక్కు బండ, దుర్గం చెరువు చుట్టునున్న గుట్టలు, హుస్సేన్ షా వలీ దర్గా సమీపపు శిలావనము, హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణములోని పుట్టగొడుగు రాయి వానిలోనివి. 1992లో వెలసిన శిల్పారామమున కొయ్యబొమ్మలు, చీరెలు కొనవచ్చిన వేలమంది ఆ ఎలుగుబంటి ముక్కు ముందునుండియే నడచిపోవుదురు. అది చట్టము గుర్తించిన వారసత్వమని ఎందరికి తెలియును? 2015లో ఆ 13వ నియమము తొలగింపబడినది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టము వచ్చినది. నియమములు వచ్చును, పోవును, మారును. ఏ నియమమైనను మొట్టమొదట కొందరు నడచి, చూచి, ఇది పోరాదని గట్టిగా అనుకొనుటవలననే పుట్టినదన్న సంగతి మాత్రము మారదు. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు నిలిపివేయుటకు పూర్వము, ఆ నేలపై అనుదినము నడచిన విద్యార్థులే మొదట గొంతెత్తిరి. నడచినవానికే ఆ బాధ తెలియును.

నడచువారికి నేను తెలిసికొన్న రెండు మూడు మాటలు చెప్పవలెను. ఒకే చోటికి ఋతువు మారినప్పుడెల్ల మరల పోవలెను. వేసవిలో బోసిగా నున్న బండపై తొలకరికి దోనలు నిండి, నెరియలలో పచ్చిక మొలచి, బండతొండలు ఎఱ్ఱని వన్నె తాల్చి తలలూపుచుండును. శరత్కాలమున సీతాఫలపు పొదలు కాయలతో వంగియుండును. గుంపు చిన్నదిగా నుండవలెను; ఇరువదిమందికి మించినచో వెనుకనున్నవారు రాతిని చూడరు, ముందువారి వీపులను చూతురు. బండపై పేర్లు చెక్కుటయు, రంగులు పూయుటయు ఎన్నడును చేయరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, పరుగు కూడదు. ఈ ప్రాంతమున మన జీవితమంతయు గడువుల వెంట పరుగే గనుక, గంటసేపు నాలుగు బండలను మాత్రమే చూచి తిరిగివచ్చుట తొలుత కష్టముగా తోచును. పోగాపోగా ఆ గంటయే వారమంతటికి ఆలంబనమగును.

ఒక కొరత మాత్రము నన్ను బాధించుచున్నది. నేను పాల్గొన్న నడకలలో మాటలు చాలవరకు ఆంగ్లముననే సాగినవి. వచ్చినవారు చాలవరకు చదువుకొన్న ఉద్యోగులే. ఆ గుట్టల నీడలో తాతముత్తాతలనాటినుండి మేకలను మేపుకొన్నవారు, ఆ బండలను కొట్టిన వడ్డెరల బిడ్డలు, ప్రక్కనున్న సర్కారు బడిలో చదువుకొను పిల్లలు వానిలో కానరారు. ఏ బండను ఏమని పిలిచిరో, ఏ దోనలో నీరు ఎంతకాలము నిలుచునో వారి పెద్దలకు తెలిసినంతగా మనకు తెలియదు. వారు లేని వారసత్వయాత్ర అసంపూర్ణమని నా దృఢాభిప్రాయము.

కనుక నా విన్నపము ముగ్గురికి. మాదాపురము, గచ్చిబౌలి, రాయదుర్గము బడులలోని ఉపాధ్యాయులు సంవత్సరమునకొక ఉదయమైనను పిల్లలను దగ్గరి గుట్టకు తీసికొనిపోయి, తెలుగులో ఆ రాతి కథను చెప్పవలెను. కొత్త భవనములు కట్టు సంస్థలు పటము గీయించుటకు పూర్వము స్థలములోని బండలను ఒకసారి నడచి చూచి, ఉంచదగిన దానిని ఉంచి, దానిచుట్టు కట్టవలెను. ఇక పాఠకులారా, ఈ సంగతులు నా మాటమీద నమ్మవద్దు. వచ్చు ఆదివారము ఎండ ముదరకమునుపు, తెలిసినవారిని ఒకరిని వెంటబెట్టుకొని, మీ యింటికి దగ్గరనున్న గుట్టవద్దకు పిల్లలతో కూడ బయలుదేరుడు.