సమురాయి కథలు: ఏవి చదవాలి, ఏవి చూడాలి?

నేను ఇప్పుడు కాపురముంటున్నది ఖతార్‌లోని అల్ తుమామాలో. ఇక్కడి ఫుట్‌బాల్ స్టేడియాన్ని అరబ్బు మగవారు తలగుడ్డ కింద పెట్టుకొనే గహ్ఫియా అనే అల్లిక టోపీ ఆకారంలో కట్టారు. 2024 జనవరిలో ఆసియా కప్పు పోటీలు జరిగినప్పుడు జపాను జట్టు ఈ మైదానంలో మూడు ఆటలు ఆడింది. ఆ జట్టుకు ముద్దుపేరు 'సమురాయి బ్లూ', అంటే నీలి సమురాయి. జనవరి 24న వాళ్లు ఇండోనేషియా మీద 3–1తో గెలిచిన ఆటకు నేనూ, మా భవనంలోనే ఉండే జగిత్యాల తమ్ముడూ కలిసి వెళ్లాం. (1757లో బొబ్బిలి కోట పడిపోయినదీ జనవరి 24నే. ఈ సంగతి ఇంటికి వచ్చాక గాని నాకు తట్టలేదు.)

తిరుగుదారిలో ఆ తమ్ముడు అడిగాడు: "అన్నా, సమురాయి అంటె ఎవలే? మన సర్వాయి పాపన్న అసుంటోళ్లా?"

నాకు వెంటనే జవాబు రాలేదు. మలేసియాలో లోయర్ పెరాక్ కొబ్బరితోటల్లో పుట్టిన మా తరానికి ఆ మాట వేరే దారిన వచ్చింది. మా నాయనమ్మకు సమురాయి అన్న పేరు తెలియదు. కాని ఆ కత్తి తెలుసు. జపాను కాలంలో తోట ఆఫీసు ముందు బల్ల మీద ఆ పొడుగు కత్తి పెట్టి, పేర్లు పిలిచారట. ఆమె అన్నగారి పేరు అందులో ఉంది. సయాం రైలుకట్టకు వెళ్లినవాడు మళ్లీ రాలేదు. మన పత్రిక పాఠకుల ఇళ్లల్లో ఇలాంటి కథ లేని ఇల్లు తక్కువ. కనుక సమురాయిల గురించి మంచి పుస్తకమేది, మంచి సినిమా ఏది అని మనం వెతకడం, ఇతరులు వెతకడం వంటిది కాదు. ఆ కత్తి ఎవరిదో మనకు తేలాలి.

ముందు ఒక సంగతి. 1942లో మలయాలో తిరిగిన అధికారి సమురాయి కాడు. 1873లో జపాను నిర్బంధ సైనిక సేవ పెట్టి రైతుబిడ్డలకు తుపాకి ఇచ్చింది. 1876లో సమురాయిలు నడుముకు కత్తి కట్టుకొని తిరగడాన్నే నిషేధించింది. అధికారుల నడుముకు వేలాడిన కత్తులు 1930లలో పాత నమూనా చూసి కొత్తగా చేయించినవి. చాలావరకు ఫ్యాక్టరీ సరుకు. కత్తి ఫ్యాక్టరీది అయినట్టే, ఆ 'సమురాయి ధర్మం' కూడా చాలావరకు కొత్తగా పోతపోసినదే.

అందుకే, అందరూ మొదట చేతికిచ్చే నిటోబె ఇనాజో పుస్తకం 'బుషిడో'ను నేను మొదట చదవమనను. 1900లో వెలువడిన ఈ గ్రంథాన్ని ఆయన అమెరికాలో ఉండి ఇంగ్లీషులో వ్రాశాడు. ఆయన క్వేకరు శాఖకు చెందిన క్రైస్తవుడు. పాశ్చాత్యులకు తన దేశం పరువు నిలబెట్టాలన్న తపన ప్రతి పేజీలో కనిపిస్తుంది. చరిత్రగా మాత్రం దాన్ని నమ్మరాదు. 'హగకురె' సంగతీ అంతే. దాన్ని చెప్పి వ్రాయించిన యమమోటో త్సునెటోమో 18వ శతాబ్దపు తొలి రోజులవాడు. ఒక్క యుద్ధమూ ఎరగడు. మరణమే మార్గమని ఆయన శాంతికాలంలో కూర్చుని చెప్పిన మాటల్ని 1930లలో సిపాయిలకు నూరిపోశారు. ఈ పోత ఎలా జరిగిందో తెలుసుకోవాలంటే ఓలెగ్ బెనెష్ 2014లో ప్రచురించిన పరిశోధన గ్రంథం ఉంది. చదవడానికి కొంచెం బరువే.

నా మెచ్చుకోలు దక్కినది ఒక చిన్న ఆత్మకథకు. కట్సు కొకిచి అనే చిన్న సమురాయి 1843లో వ్రాసుకున్నాడు. 'ముసుయి కథ' పేరుతో 1988లో ఇంగ్లీషులోకి వచ్చింది. పదమూడో ఏట ఇల్లు విడిచి పారిపోయి దారి పొడుగునా అడుక్కుతిన్నాడు. పెద్దయ్యాక తగాదాలు భరించలేక తండ్రే ఇంట్లో బోను కట్టి అందులో ఉంచాడు. ఉద్యోగం ఏనాడూ దొరకలేదు. అప్పులు, కొట్లాటలు, కత్తుల బేరాలు. ధర్మం గిర్మం ఏమీ లేదు. చదువుతున్నంతసేపూ మా తోటలో నేనెరిగిన ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు గుర్తుకొచ్చి నవ్వాగలేదు.

సినిమాల్లోకి వద్దాం. 'లాస్ట్ సమురాయి' (2003) చూడడానికి బాగుంటుంది, చరిత్ర మాత్రం తలకిందులు. దానికి ఆధారమైన సైగో తకమోరి తిరుగుబాటులో, 1877లో, సమురాయిలు తుపాకులూ ఫిరంగులూ శుభ్రంగా వాడారు. కత్తి ఒక్కటే పట్టుకొని తూటాలకు ఎదురెళ్లిన వీరులు సినిమావాళ్లకే కావాలి.

అకిరా కురొసావా 'సెవెన్ సమురాయి' (1954) అలా కాదు. మూడు గంటలు దాటిన సినిమా. బందిపోట్ల బాధ పడలేక ఒక ఊరి రైతులు ఏడుగురు కత్తివాళ్లను కూలికి తెచ్చుకుంటారు. ఇచ్చే కూలి తెల్లన్నం. తాము మాత్రం చిరుధాన్యం తింటారు. ఆ ఏడుగురిలో కికుచియో అనేవాడు అసలు సమురాయే కాదు, రైతుబిడ్డ. రైతులు దాచిన కవచాలు బయటపడి తక్కినవారు కోపగించుకుంటే, వాళ్లను ఇంత మోసగాళ్లుగా చేసింది మీరు కాదా అని అతడు విరుచుకు పడతాడు. ఊళ్లు తగలబెట్టింది ఎవరు, తిండి లాక్కున్నది ఎవరు, ఆడవాళ్లను చెరిచింది ఎవరు? ఆ దృశ్యం చూసి మా జగిత్యాల తమ్ముడు "ఇగో, గీయన పాపన్న" అన్నాడు. కల్లుగీత కులంలో పుట్టి కోటలు పట్టిన పాపన్నకు దగ్గర చుట్టం ఈ కికుచియోయేనని నాకూ తోచింది. వాడి ప్రశ్నకు జవాబు దొరికింది.

మసకి కొబయషి 'హరకిరి' (1962) మరో మెట్టు పైది. కాలం 1630. ప్రభువు కొలువు పోయి దిక్కులేని ఒక యువకుడు పెద్దింటి వాకిట చేరితే, అతని చేత వెదురు కత్తితోనే కడుపు కోయిస్తారు. మామ వచ్చి లెక్క అడుగుతాడు. చివర ఆ ఇంటి దినచర్య పుస్తకంలో తమవాళ్ల చావులన్నీ జబ్బువల్ల అని వ్రాసుకుంటారు. ఇంటి పరువు నిలుస్తుంది. ఆ చివరి పేజీ దగ్గర నేను సినిమా ఆపి చాలాసేపు కూర్చున్నాను. మా నాయనమ్మ అన్నగారికి ఏ పుస్తకంలోనూ ఆ ఒక్క వాక్యమైనా లేదు. కొబయషి ఊరికే ఇలా తీయలేదు. తాను జపాను సైన్యంలో పనిచేసి, పై పదవి వద్దని మామూలు సిపాయిగానే ఉండిపోయినవాడు. అంతకుముందు ఆయన తీసిన 'హ్యూమన్ కండిషన్' మొదటి భాగం మంచూరియా గనిలో బలవంతపు కూలీల మీద పెత్తనం చేయవలసి వచ్చిన ఒక మంచివాడి కథ. కంగాణీల కాలం విన్నవారు అది తప్పక చూడాలి.

ఇక మన విషయానికి దగ్గరైనది 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' (1957). ఏడు ఆస్కార్లు గెలిచింది. సిలోనులో తీశారు. తెల్ల ఖైదీల ఆత్మగౌరవం, జపాను అధికారి పట్టుదల, ఈ రెంటి పోటీయే కథ. 415 కిలోమీటర్ల ఆ కట్టకు మలయా నుంచి 70,000 మందికి పైగా తరలించారని అంచనా. వాళ్లలో ఎక్కువమంది తమిళులు, వెంట మన తెలుగువాళ్లూ మలయాళీలూ. కథ నడిపే చోట వాళ్లు లేరు. కాంచనబురి శ్మశానంలో దాదాపు 7,000 మంది ఖైదీల సమాధులున్నాయి. చాలావాటి మీద పేరు ఉంది. తోట కూలీకి అలాంటి రాయి లేదు. ఈ లోటు తీర్చడానికి మలేసియా తమిళ రచయిత ఆర్. షణ్ముగం 'సయాం మరణ రయిల్' అనే నవల వ్రాశారు. తమిళం చదవగలిగిన మనవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లు చదివి ఇంట్లో పిల్లలకు తెలుగులో చెప్పాలి.

సమురాయి బతుకు ఎలా ఉండేదో ఒక్క సినిమాలో చూడాలంటే యోజి యమదా 'ట్వైలైట్ సమురాయి' (2002). ఏడాదికి 50 కొకుల జీతం. కొకు అంటే ఒక మనిషి ఏడాది తిండికి సరిపోయే బియ్యం, సుమారు 150 కిలోలు. అప్పులూ కోతలూ పోగా చేతికి చాలదు. భార్య క్షయతో పోయింది, తల్లికి మతి లేదు, ఇద్దరు ఆడపిల్లలు. రాత్రిళ్లు దీపం దగ్గర కీచురాళ్లు పెట్టే పంజరాలు అల్లి అమ్ముతాడు. శుక్రవారం సెలవు రోజున తమ్ముడికి చూపించాను. సగంలో లేచి, జగిత్యాలకు ఫోను చేసి పిల్లల ఫీజు కట్టారా అని అడిగి వచ్చి మళ్లీ కూర్చున్నాడు.

'హరకిరి' ఇంకా వాడు చూడలేదు. వచ్చే శుక్రవారం డ్యూటీ పడకపోతే చూద్దామన్నాడు.