‘సబాలి’ పాట: ఓర్పులోని ఆశాదృష్టి

పశ్చిమాఫ్రికాలోని మాలి దేశానికి చెందిన అమదు బగయోకో, మరియం దుంబియా దంపతుల ‘వెల్‌కమ్ టు మాలి’ (2008) ఆల్బమ్‌లో తొలి పాట ‘సబాలి’. బంబారా భాషలో ఈ పదానికి ఓర్పు అని అర్థం. దీనికి మూలం అరబీ ‘సబ్ర్’. ‘శ్రద్ధ–సబూరి’ అనే జంటపదం ద్వారా తెలుగువారికి పరిచితమైన ‘సబూరి’ కూడా ఆ ధాతువుకు చెందినదే. అయితే ఈ పాటలోని ఓర్పును కేవలం సహనంగా గ్రహిస్తే దానిలోని ఆశ మరుగున పడుతుంది.

పాటలో సాహిత్యం స్వల్పం. ఆరంభంలో మరియం ‘సబాలి’ అన్న మాటనే పునరుక్తం చేస్తుంది. ఆపై ఫ్రెంచి భాషలో ప్రియుణ్ణి సంబోధిస్తూ సహజీవనంలోని ఆనందాన్ని చెబుతుంది. ఎందుకు ఓర్చుకోవాలన్న ప్రశ్నకు పాటలో సమాధానం లేదు. ఎవరి తోడుతో ఓర్చుకోవాలన్నదానికి ఉంది. అందువల్ల ఓర్పు ఇక్కడ నీతిబోధగా కాక, ఇద్దరి మధ్య మాటగా వినిపిస్తుంది.

సంగీత నిర్మాణం కూడా ఈ భావాన్నే అనుసరించింది. డామన్ ఆల్బర్న్ నిర్మాణంలో సింథసైజర్ నాదంపై స్వరం నెమ్మదిగా మొదలవుతుంది. లయ ఆలస్యంగా వచ్చి చేరుతుంది. శ్రోత కూడా కొంత నిరీక్షించక తప్పదు. అమదు గిటారుకు ఇందులో ప్రాధాన్యం లేదు కనుక మాలి సంగీతపు ముద్ర తగ్గిందన్న ఆక్షేపణకు అవకాశం ఉంది. కానీ ఆ నేలను గుర్తుచేసే బాధ్యతను ఒక్క బంబారా పదం మోస్తున్నది.

బమాకోలోని అంధుల విద్యాసంస్థలో పరిచయమైన ఈ దంపతులు తొలినాళ్లలో ‘మాలి అంధ జంట’గానే ప్రచారం పొందారు. ఆ నేపథ్యంతోనే పాటను వ్యాఖ్యానిస్తే, ఓర్పు వైకల్యానికి ఓదార్పుగా కుదించుకుపోతుంది. పాటలో అందుకు ఆధారం లేదు. 2010లో నాస్, డామియన్ మార్లీ తమ ‘పేషెన్స్’ పాటలో మరియం స్వరఖండాన్ని వాడుకుని, దానిచుట్టూ జ్ఞానం, నాగరికతలను గురించిన ప్రశ్నలను అల్లారు. ప్రేమపాటలోని పదం సామాజిక విమర్శకు కూడా ఒదగడం దాని అర్థవిస్తృతికి నిదర్శనం.

అమదు 2025 ఏప్రిల్ 4న మరణించారు. ప్రియుణ్ణి ఉద్దేశించిన ఆ సంబోధన ఇప్పుడు వియోగాన్ని కూడా స్ఫురింపజేస్తుంది. అయినా పాటలో ఆశ చెక్కుచెదరలేదు. అది ఫలితంపై కాక, తోడుపై నిలిచినది.