ఏరికూర్చిన చదువు: దారి వేసేదెవరు?

1945 జూలై నెలలో అమెరికాలోని అట్లాంటిక్ మంత్లీ పత్రిక వానెవార్ బుష్ వ్రాసిన ఒక వ్యాసాన్ని ప్రచురించింది. బుష్ ఇంజనీరు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆ దేశపు శాస్త్రపరిశోధన కార్యాలయానికి అధిపతిగా సుమారు ఆరువేలమంది శాస్త్రజ్ఞుల పనిని సమన్వయపరచినవాడు. పరిశోధనలు చాలటం లేదన్న చింత ఆయనకు లేదు. ఉన్నవాటిని చదివేదెట్లా, చదివినదాన్ని వేళకు వెదకి తీసేదెట్లా అన్నదే ఆయనను వేధించిన ప్రశ్న. ఇందుకు పరిష్కారంగా ‘మెమెక్స్’ అనే ఊహాయంత్రాన్ని వర్ణించాడు. చూపుకు అది వ్రాతబల్ల. లోపల సూక్ష్మఫిల్ము, పైన వాలుగా అమర్చిన తెరలు, పక్కన మీటలు. రోజుకు 5,000 పుటల చొప్పున చేర్చినా అది నిండడానికి వందల ఏండ్లు పడుతుందని ఆయన లెక్క.

ఇంటర్నెట్ పుట్టుపూర్వోత్తరాలు వ్రాసేవారిలో చాలామంది ఈ వ్యాసాన్ని తలుస్తారు. యంత్రం సంగతి చెప్పి విడిచిపెడతారు. కాని వ్యాసంలోని సారమంతా చివరి భాగంలో ఉన్నది. దానిని నిదానంగా చదవాలి.

అక్కడ బుష్ ఒక ఉదాహరణ ఇస్తాడు. ఒకాయనకు విల్లమ్ములను గురించి సందేహం కలిగింది. క్రూసేడు యుద్ధాలలోని చిన్న చిన్న పోరాటాలలో ఇంగ్లీషువారి పొడుగువిల్లు కంటె తురుష్కుల పొట్టివిల్లు మెరుగుగా ఎందుకు పనిచేసింది? మొదట ఒక విజ్ఞానసర్వస్వంలో క్లుప్తమైన వ్యాసం దొరుకుతుంది. ఒక చరిత్రగ్రంథంలో తగిన భాగం కనబడగానే దానిని మొదటిదానికి ముడివేస్తాడు. ఇట్లా పోగా పోగా, వింటిని చేసిన పదార్థాల స్థితిస్థాపకతకు ఈ ప్రశ్నతో గట్టి సంబంధమున్నదని తేలుతుంది. దారి అక్కడ పక్కకు మళ్లి భౌతికశాస్త్రపు పట్టికలలోకి ప్రవేశిస్తుంది. తన సొంత వ్యాఖ్య ఒక పుట వ్రాసి దానిని కూడా చేరుస్తాడు. కొన్నేండ్ల తరువాత, మేలైన కొత్తదాన్ని కూడా జనం ఎందుకు అంగీకరించరన్న మాట ఒక మిత్రుడితో వస్తుంది. వెంటనే పాత దారినంతా తెర మీదికి తెచ్చి, నకలు తీసి మిత్రునికి ఇస్తాడు. స్థితిస్థాపకత పాఠం మొదలుపెట్టబోయే ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి ప్రవేశిక దొరకడం కష్టం.

మిత్రునికి ముట్టినది ఏమిటి? నాలుగు మంచి రచనలు మాత్రమే అయితే అది పెద్ద విశేషం కాదు. ఒక ప్రశ్న, దాని వెంట నడచిన దారి, మధ్యలో వచ్చిన మలుపు, నడచినవాని వ్యాఖ్య, ఇవన్నీ కలిసి ముట్టాయి. ఇట్లాంటి దారులు వేయడమే వృత్తిగా గలవారు రాబోయే కాలంలో పుడతారని బుష్ ఊహించాడు. యంత్రం ఆయన ఊహను మించిపోయి అరచేతిలో ఇముడుతున్నది. మరి దారులు వేసేవారు వచ్చారా?

వచ్చినవారిలో పేరెన్నికగన్నవాడు డెనిస్ డట్టన్. న్యూజిలాండులోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో, కాంటర్బరీ విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం బోధించేవాడు. 1998లో ఆయన ఆర్ట్స్ అండ్ లెటర్స్ డెయిలీని ప్రారంభించాడు. ఇంటర్నెట్‌లో వెలువడే పత్రికలను గాలించి వ్యాసాలు, గ్రంథసమీక్షలు, అభిప్రాయరచనలు మూడు నిలువు వరుసలలో పేర్చడం దాని పని. ఒక్కొక్క రచనకు రెండు మూడు వాక్యాల పరిచయం ఉంటుంది. 2002లో అది క్రానికల్ ఆఫ్ హయ్యర్ ఎడ్యుకేషన్ యాజమాన్యంలోకి వచ్చింది. 2010 డిసెంబరులో డట్టన్ మరణించాడు. ఆయన తరువాత కూడా పని సాగింది. దాని గుణం ఒక్క మాటలో చెప్పవచ్చు: ఒక మనిషి చదివి, ఇది చదవదగినదని చెబుతున్నాడు. ఎవరెంతసేపు చూశారో లెక్కగట్టి దానికి తగినట్లు మరొకటి ముందుకు తోసే యంత్రానికి ఆ పూచీ లేదు.

అయినా అందులో ఒక లోటున్నది. ఆ రెండు వాక్యాల పరిచయం కుతూహలం రేపడానికి పుట్టినది. ఆ నేర్పు చిన్నదేమీ కాదు. కాని నిన్నటి వ్యాసానికీ నేటి వ్యాసానికీ ముడి ఉండదు. విల్లును గురించిన రచన సోమవారం వస్తే, పదార్థాలను గురించినది మరుసటి నెలలో వస్తుంది. రెంటినీ కలిపే పుట ఎవరూ వ్రాయరు. దీనిని చూచి పుట్టిన సంకలనాలలో ఈ లోటు ఇంకా ఎక్కువ. ‘ఆలోచింపజేసేవి పది’ అని శీర్షిక ఉంటుంది. దేనిని గురించి ఆలోచించాలో ఉండదు.

ఇంతకూ ఏరడం మాత్రమే చాలదా? బుష్ తన వ్యాసంలో మెండెల్‌ను ఉదహరించాడు. మెండెల్ బఠానీమొక్కలను గురించిన వ్యాసం 1866లో అచ్చయింది. దాని విలువ లోకం గుర్తించినది 1900లో. అర్థం చేసికొనగల కొద్దిమందికి ఆ వ్యాసం అందకపోవడమే కారణమని బుష్ అభిప్రాయం. ఇది సగమే నిజం. 1881లో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ ఫోకె సంకరమొక్కలను గురించి అంతవరకు జరిగిన పరిశోధనలన్నీ ఏరి ఒక పెద్ద గ్రంథం కూర్చాడు. మెండెల్ పేరు అందులో పలుమార్లు వస్తుంది. సంకరాలలో స్థిరమైన సంఖ్యానిష్పత్తులు కనుగొన్నానని మెండెల్ అనుకొన్నట్లు కూడా ఫోకె వ్రాశాడు. అంతటితో ఆగిపోయాడు. 3:1 అనే ఆ నిష్పత్తి ఎందుకు ముఖ్యమో ఒక్క వాక్యం లేదు. గ్రంథం చేరవలసినవారికి చేరింది. చదివినవారు ఆ పుట దాటిపోయారు.

అయితే ఫోకెకు అన్యాయం చేయరాదు. 1900లో మెండెల్‌ను తిరిగి వెలికితీసినవారిలో ఒకడైన చెర్మాక్‌కు ఆ పాత వ్యాసం జాడ తెలిసినది ఫోకె గ్రంథం వల్లనే. తన బఠానీలలో తానే నిష్పత్తులు లెక్కించుకొన్నవానికి ఆ జాడ అక్కరకు వచ్చింది. పేరు, చోటు సరిగా వ్రాసిపెట్టడం వల్ల కలిగే మేలు అది. తెలుగువారికి ఇది కొత్త కాదు. పెదపాటి జగ్గన ప్రబంధరత్నాకరంలో పద్యాలను ఏరికూర్చుతూ కవి పేరు, కావ్యం పేరు చెప్పాడు కనుకనే, గ్రంథాలు నశించిన కవులు కొందరు పేరుకైనా నేడు మిగిలారు. ఈనాడు చేతి ఫోనులో తిరిగే ‘ఆసక్తికర విషయాల’లో ఎన్నింటికి ఆపాటి చిరునామా ఉన్నది?

చిరునామా ఉన్నా ఇంకొక చిక్కున్నది. 2010 డిసెంబరులో కాలిఫోర్నియాలోని మోనో సరస్సులో దొరికిన ఒక బాక్టీరియం భాస్వరానికి బదులు ఆర్సెనిక్‌తో బతకగలదని, డి.ఎన్.ఎ.లో కూడా దానిని ఇముడ్చుకొంటుందని సైన్స్ పత్రిక ద్వారా వార్త వెలువడింది. నాసా సభ పెట్టి ప్రకటించింది. ప్రపంచమంతటా ఆ వార్తను ఏరుకొన్నారు. తప్పేమీ లేదు, అంతకంటె ఆలోచింపజేసేది అరుదు. 2011లో అదే పత్రిక ఎనిమిది విమర్శలు ప్రచురించింది. 2012లో రెండు స్వతంత్ర పరిశోధనలు ఆ జీవికి భాస్వరం తప్పనిసరి అని తేల్చాయి. 2025 జూలైలో సైన్స్ పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించింది. మోసం జరిగిందని పత్రిక అనలేదు. రచయితలు ఉపసంహరణకు అంగీకరించనూ లేదు. ఈ తరువాతి కథ మొదటి వార్తంత దూరం పోలేదు. ‘భాస్వరం లేనిదే జీవి బతకదు’ అన్న వాక్యంలో వింత ఏమున్నది? వింతను బట్టి ఏరేవాడు వార్తను తీసికొంటాడు, సవరణను వదలుతాడు. అతడు ఏరినదాన్ని నమ్మి తరగతిలో చెప్పిన ఉపాధ్యాయుడు తెలియకుండానే తప్పు చెప్పినవాడవుతాడు. ఆ విద్యార్థులు ఇప్పటికి బడి దాటిపోయి ఉంటారు, వారికి సవరణ అందించేదెవరు?

ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ లాక్ చదివినవి ఎత్తి వ్రాసుకొనే పుస్తకానికి ఒక సూచిక పద్ధతి కనిపెట్టి 1686లో ప్రచురించాడు. మాటలోని మొదటి అక్షరం, తరువాత వచ్చే తొలి అచ్చు, ఈ రెంటినీ బట్టి పుట సంఖ్య వేసుకోవడం అందులోని ఉపాయం. తెలుగులో గుణింతమే ఆ పని చేసిపెడుతుంది. విల్లు ‘వి’ కింద, భాస్వరం ‘భా’ కింద చేరతాయి. ఇంటర్నెట్‌లో ఏరుకొనే విద్యార్థికి కూడా ఇట్లాంటి నోటుపుస్తకం ఒకటి ఉండవచ్చు. కుడిపుటలో రచన పేరు, రచయిత, తేదీ, తనకు కలిగిన ప్రశ్న వ్రాసి ఎడమపుట ఖాళీగా ఉంచాలి. 2010లో ‘ఆ’ కింద ఆర్సెనిక్ వార్త వ్రాసుకొన్నవానికి ఎడమపుటలో ఈపాటికి మూడు తేదీలు చేరి ఉండేవి.