రాయి కోసం వంగితే

గోవాడ రోడ్డు మీద కుక్క మీదికొస్తే పెద్దా చిన్నా అందరూ చేసేది ఒకటే: రాయి తీస్తున్నట్టు కిందికి వంగుతారు. చేతికి రాయి దొరకక్కర్లేదు, నడుం వంగితే చాలు, అది పరుగు లంకించుకుంటుంది. మన ఒంటి తీరు దానికి అంత బాగా తెలుసు. దాని ఒంటి తీరు మనకు తెలీదన్నదే నా ఫిర్యాదు.

మనకు తెలిసిందల్లా తోక. ఊపితే మంచి కుక్క, ఊపకపోతే చెడ్డది. అసలు తోక ఊపిందంటే కుక్క ఏదో ఉద్రేకంలో ఉందని మాత్రమే. ఒళ్ళంతా వదులుగా ఉండి నడుం కూడా తోకతోపాటు ఊగిపోతుంటే అది సంతోషం. తోక నిటారుగా నిలిచి కొస మాత్రం చకచకా ఆడుతూ, ఒళ్ళు బిగిసి ఉంటే అక్కడే ఆగిపోవాలి. యజమానిని చూసినప్పుడు తోక కుడివైపుకి ఎక్కువ ఊగుతుందనీ, పెత్తనం చేసే కొత్త కుక్కను చూస్తే ఎడమవైపుకనీ 2007లో ఇటలీ పరిశోధకులు చెప్పారు. వీధి మొగలో నిలబడి కుడా ఎడమా అని చూసే తీరిక మనకుండదు. నాకైతే కళ్ళూ మూతీ చాలు.

గోవాడ షుగర్ ఫ్యాక్టరీలో క్రషింగ్ జోరుగా సాగే రోజుల్లో చెరుకు బళ్ళు కాటా కోసం బారులు తీరేవి. బళ్ళ కింద రైతులతోపాటు కుక్కలూ పడుకునేవి. ఎవరో ఆకులో పెట్టిన అన్నం తింటున్న ఓ నల్లకుక్క దగ్గరికి ఒక పిల్లాడు చెయ్యి చాచుకుంటూ వెళ్ళాడు. అది మొరగలేదు, తల ఎత్తలేదు. నమలడం ఆపింది, అంతే. మూతి ఆకు మీదే ఉంచి, తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూసింది. "ఎల్లకురా గుంటడా, దాని సూపు బాగోలేదు" అని బండి మీంచి ముసలాయన ఒక్క కేక వేశాడు. ఏ పుస్తకంలో చదివాడని!

నిద్ర రాకుండానే ఆవలించడం, ఎదట తిండి లేకుండానే మూతి నాక్కోవడం, మొహం పక్కకు తిప్పేసుకోవడం ఇబ్బందిగా ఉందని చెప్పే తీర్లే. నార్వే శిక్షకురాలు టూరిడ్ రూగాస్ వీటి మీద పుస్తకమే రాశారు. మనమూ అవే తిరిగి చెప్పొచ్చు: కళ్ళలోకి చూడకుండా, పక్కకు తిరిగి, కాస్త చుట్టు తిరిగి నడవడం. బైకు వెంట పడితే వేగం తగ్గించాలి. పారిపోయేదాన్ని తరమడం దాని నైజం.

గుర్రుమన్న కుక్కను కర్రతో బాదేవాళ్ళ మీద నాకు కోపం. అది ముందుగా చెప్పిందని సంతోషించాలి. గుర్రుమంటే దెబ్బలు పడతాయని నేర్చుకున్న కుక్క ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. 'మొరిగే కుక్క కరవదు' అన్నవాణ్ణి ఏ కుక్కా కరిచి ఉండదు.

పిచ్చికుక్క దగ్గర మాత్రం ఈ లెక్కలేవీ పనిచేయవు. ఏ కుక్క కరిచినా గాయాన్ని ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. కారం, సున్నం, పసరు పూసేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళని దగ్గరికి రానివ్వకండి.