చెరువు చుట్టూ పాఠం

ఎండాకాలానికి చెరువులో నీళ్లు ఎటు పోతాయి? ఈ ఒక్క ప్రశ్న చుట్టూ నాలుగో తరగతికి రెండు వారాల చదువు అల్లగల టీచరంటే నాకు అపారమైన గౌరవం.

ప్రాథమిక తరగతుల పరిసరాల విజ్ఞానంలో సైన్సూ సోషలూ ఎప్పటినుంచో కలిసే ఉన్నాయి. చేతిపని చుట్టూ చదువంతా నడవాలని 1937లోనే వార్ధా విద్యా సదస్సు కోరింది. కోరడం సులువు. సోమవారం ఉదయం పిల్లలు ఏం చేస్తారో ముందుగా ఊహించి పాఠ్య ప్రణాళిక రాయడమే అసలు పని.

ఆ టీచర్ ముందు తనే చెరువుగట్టు మీదికి వెళ్లొస్తుంది. పిల్లలు ఎక్కడ నిలబడాలో, ఎక్కడ దిగకూడదో చూసుకుంటుంది. ఒకే కొలత నీళ్లు పళ్లెంలోనూ, మూత బిగించిన సీసాలోనూ పోయించి ఎండలో పెట్టిస్తుంది. రోజూ కొలిచి పట్టిక వేస్తే లెక్కలు. తాతయ్యలనూ, చేపలు పట్టేవాళ్లనూ అడిగి రాసుకొస్తే తెలుగు. తూము నుంచి పొలందాకా కాలువ గీస్తే పటం. పాట కుదరకపోతే వదిలేస్తుంది; అన్ని సబ్జెక్టులనూ బలవంతంగా అతికించదు.

అన్నిటికన్నా నేను మెచ్చేది, జవాబు తెలిసీ ఆపుకోవడం. "సూర్యుడు తాగేస్తాడు టీచర్" అంటాడొకడు. "మరి సీసాలో నీళ్లెందుకు తాగలేదురా?" అంటుందామె. సీసాకు మూత పెట్టించింది ఆ ప్రశ్న కోసమే.

కొన్ని నీళ్లు భూమిలోకి ఇంకుతాయని తేలాక, ప్రణాళికలో లేని ప్రశ్న వస్తుంది: అవి మన బావిలోకి వస్తాయా? అలాంటివాటికోసం ఆమె ఒక శుక్రవారాన్ని ముందే ఖాళీగా ఉంచుతుంది.