ముందు చోటు, తర్వాతే మొక్క

సూరత్‌లో కొత్త ఫ్లాటు కొన్నవాళ్లు గృహప్రవేశం కాగానే సోఫా పక్కన ఒక మొక్క తెచ్చి పెడతారు. కామ్‌రేజ్‌లో అయితే అది మరీ సులువు. ముంబై–అహ్మదాబాద్ హైవే ఊరి మీదుగానే పోతుంది, రోడ్డు పక్క నర్సరీ కనపడితే కారాపి ఎక్కించుకోవడమే. నాలుగు నెలలు తిరిగేసరికి ఆ కుండీ లిఫ్టు పక్క మూలకు చేరుతుంది. అందులో మట్టి ఉంటుంది, మొక్క ఉండదు. మా టవర్లో ఇలాంటి కుండీ లేని అంతస్తు అరుదు.

ఈ ఊళ్లో మన తెలుగువాళ్ల మొదటి ఇళ్లు ఇటు కాదు, లింబాయత్, ఉధనా వైపు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలే వాళ్లలో ఎక్కువ. కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు నడిపేంత జనం ఉన్నారు. ఆ గల్లీల్లో గడప ముందు నూనె డబ్బాలో తులసి, మెట్ల మీద పెయింట్ బకెట్లో కరివేపాకు ఎవరి సేవలూ లేకుండానే పెరుగుతాయి. పిల్లలు చదువుకుని, నాలుగు రాళ్లు వెనకేసుకుని ఇటువైపు ఫ్లాట్లకు మారినప్పుడు ఆ తులసినీ వెంట తెచ్చుకుంటున్నారు. తెచ్చి టీవీ పక్కన పెడుతున్నారు.

"బావా, దినాం నీళ్లు పోస్తున్న, అయినా ఆకులన్నీ రాలుతున్నయి" అని మరదలు వరసయ్యే అమ్మాయి ఫోన్ చేసింది. దినాం పోయడమే దాని జబ్బు అన్నాను. గల్లీలో తులసికి నెత్తి మీద ఆకాశం ఉండేది. పోసిన నీళ్లను ఎండ తాగించేది. హాల్లో ఆ ఆకాశం లేదు. వెలుగు లేని చోట మొక్క ఆహారం తయారు చేసుకోలేదు, నీళ్లూ తాగలేదు. ఆ నీళ్లు కుండీ అడుగున నిలిచిపోతే వేర్లకు గాలాడక కుళ్లుతాయి. పైన ఆకులు వాడుతుంటే దాహం వేసిందనుకుని మనం ఇంకో చెంబు పోస్తాం.

ఇంట్లో మొక్కలు పెంచేవాళ్లందరికీ నేను చెప్పే మాట ఒక్కటే. మొక్కను చూసి చోటు వెతకకండి, చోటును చూసి మొక్కను తెచ్చుకోండి. చోటు అంటే వెలుగు. మట్టి, నీళ్లు, ఎరువు, మందులు అన్నీ దాని తర్వాతే.

వెలుగు విషయంలో మన కన్ను పచ్చి అబద్ధాలకోరు. చీకటి గదిలోకి వెళ్లగానే కనుపాప పెద్దదై అంతా బాగానే కనిపిస్తున్నట్టు చూపిస్తుంది. మిట్టమధ్యాహ్నం ఆరుబయట లక్ష లక్స్ దాకా వెలుగు ఉంటే, కిటికీ లోపలి అంచున అది రెండు మూడు వేలకు, హాలు నడుమ రెండు వందలకు, ఒక్కోసారి అంతకంటే కిందికి పడిపోతుంది. మనకు మాత్రం అన్నీ 'బాగా వెలుతురున్న గదులే'. ఫోన్లలో లక్స్ కొలిచే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. కచ్చితత్వం తక్కువే అయినా ఈ మూలకూ ఆ మూలకూ తేడా చెప్పడానికి చాలు. ఫోన్ వద్దనుకుంటే ఇంకో పద్ధతి ఉంది. మధ్యాహ్నం పూట మొక్క పెట్టాలనుకున్న చోట తెల్ల కాగితం పరిచి, దానికి ఒక అడుగు ఎత్తున చెయ్యి చాపండి. వేళ్లు విడివిడిగా తెలిసేలా నీడ పడితే అక్కడ చాలా మొక్కలు బతుకుతాయి. మసకగా ఒక మచ్చలా పడితే మనీ ప్లాంట్, సింగోనియం, అగ్లోనిమా లాంటివి సర్దుకుంటాయి. నీడే పడకపోతే అక్కడ ప్లాస్టిక్ పూలు పెట్టుకోవడం మేలు. ఇది వెటకారం కాదు.

దిక్కుల లెక్క కూడా కాస్త తెలిసి ఉండాలి. వాస్తు కోసం కాదు, ఎండ కోసం. మనం కర్కాటక రేఖకు కొంచెం దక్షిణాన, 21 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం. మే చివరి వారం నుంచి జూలై నడిమి దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి ఉత్తరం వైపు ఉంటాడు. ఏడాదంతా నీడపట్టున ఉండే ఉత్తరం బాల్కనీకి ఆ వారాల్లో పొద్దున్నే, సాయంత్రం ఏటవాలు ఎండ తగులుతుంది. నీడకు అలవాటైన పీస్ లిల్లీ ఆకులు అప్పుడే మాడతాయి. డిసెంబర్‌లో దీనికి పూర్తిగా తిరగేసిన కథ. మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 45 డిగ్రీల ఎత్తు దాకానే ఎక్కుతాడు, అందుకే దక్షిణం బాల్కనీ దాటి ఎండ గదిలోకి వస్తుంది. వేసవిలో పై అంతస్తు స్లాబు ఆ ఎండను ఆపేస్తుంది. అంటే ఒకే బాల్కనీ ఆరు నెలలు ఒకలా, ఆరు నెలలు ఇంకోలా ఉంటుంది. కుండీలను ఏడాదికి రెండుసార్లైనా జరపక తప్పదు. పడమటి బాల్కనీ గురించి చెప్పనక్కర్లేదు. ఏప్రిల్ మధ్యాహ్నాలు అక్కడ నిలబడగలిగితే అడీనియం, కలబంద పెట్టండి, మిగతావి వద్దు.

నర్సరీ మొక్కల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కడియం, కడియపులంక నర్సరీల నుంచి మొక్కలు లారీల్లో దేశమంతా వెళ్తాయి, గుజరాత్‌కూ వస్తాయి. గోదావరి గాలి తేమలో, ఆకుపచ్చ షేడ్ నెట్ కింద సుఖంగా పెరిగిన మొక్క అది. దాన్ని కారు దింపి నేరుగా ఏసీ గదిలో పెడితే బెంగపడదా? రెండు వారాలు నీడ ఉన్న బాల్కనీలో ఉంచి ఆ తర్వాతే లోపలికి తేవాలి. నల్ల కవర్ చింపి చూడండి. వేర్ల చుట్టూ మట్టి గట్టిగా ముద్దకట్టి ఉంటుంది. ఆ ముద్దను అలాగే కొత్త మట్టిలో దించేస్తే పోసిన నీళ్లు చుట్టూ ఉన్న వదులు మట్టి గుండా జారిపోతాయి, ముద్ద లోపల పొడిగానే ఉండిపోతుంది. కొన్నిసార్లు అందుకు విరుద్ధంగా, వారాల తరబడి తడి ఆరదు. బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, వేళ్లతో మెల్లగా నొక్కుతూ బయటి మట్టిని సగం దాకా వదిలించాలి. సన్న వేర్లు కొన్ని తెగితే తెగనివ్వండి, ఫర్వాలేదు.

మరి కొత్త మట్టి ఏది? కామ్‌రేజ్ చుట్టూ చెరకు తోటలున్న నల్లరేగడి చూసి, ఇంత బలమైన మట్టి ఉండగా కొనడమెందుకని చాలామంది ఒక బస్తా తెచ్చుకుంటారు. పొలంలో అది బంగారమే. కుండీలో మాత్రం తడిస్తే బంకలా అతుక్కుంటుంది, ఎండితే బీటలు వారి అంచుల నుంచి విడిపోతుంది. ఇంటి లోపలికి రెండు పాళ్లు కోకోపీట్, ఒక పాలు వర్మీ కంపోస్ట్, ఒక పాలు పెర్లైట్ గానీ దొడ్డు ఇసుక గానీ చాలు. కోకోపీట్ ఇటుకలో ఉప్పు ఉంటుంది కాబట్టి నానబెట్టాక రెండుసార్లు కడిగి పిండాలి. కుండీ అడుగున రంధ్రం ఉందో లేదో వేలు పెట్టి చూసుకోండి. పింగాణీ కుండీలు చాలావాటికి ఉండదు, దుకాణదారు చెప్పడు.

నీళ్లకు వారం, తేదీ పెట్టుకోవద్దు. వేలు రెండో కణుపు దాకా మట్టిలో దించండి, తడి తగిలితే ఆ రోజు పోయొద్దు. జెడ్‌జెడ్ ప్లాంట్ మట్టిలో దుంపల్లో నీళ్లు దాచుకుంటుంది, మట్టి పూర్తిగా ఎండేదాకా దాని జోలికి పోకండి. కుండీ అంచున తెల్లగా పొర కట్టిందంటే అది నీళ్లలోని ఉప్పు. ఆర్వో మిషన్ వదిలే నీళ్లు వృథా పోతున్నాయని కుండీల్లో పోస్తుంటారు. ఆదా చేయాలన్న బుద్ధి మంచిదే కానీ, ఆ నీళ్లలో ఉప్పు ఇంకా చిక్కబడి ఉంటుంది. బాత్రూం కడగండి దానితో. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఇక్కడ వానకు కొదవ లేదు, బాల్కనీ బయట బకెట్ పెడితే కావలసినంత మంచి నీరు. అదే వానాకాలంలో కుండీల మీద చిన్న నల్ల దోమలు ముసురుతాయి. మట్టి పైపొర ఎండనిస్తే వాటి పిల్లలు చస్తాయి, పసుపు రంగు జిగురు అట్ట పెడితే పెద్దవి అతుక్కుంటాయి. ఆకు మొదట్లో దూదిలా పిండినల్లి కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, ఆ తర్వాత లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు కలిపి చల్లండి.

దీపావళికి సూరత్ బట్టల మార్కెట్లు మూతపడతాయి. సగం తెలుగు ఇళ్లకు తాళాలు పడతాయి, నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వరంగల్ వైపు మనవాళ్లతో నిండిపోతుంది. కుండీలు ఎవరికి అప్పజెప్పాలన్న బెంగ అప్పుడు మొదలవుతుంది. పక్కింటి బెన్‌కు తాళం చెవి ఇస్తే ఆమె ప్రేమ కొద్దీ రోజూ పోసి ముంచేస్తుంది. దీనికి ఈ ఊళ్లోనే మందు ఉంది. సూరత్ పాలిస్టర్ బట్టకు రాజధాని. ఏ కార్ఖానాలో అడిగినా ముక్కలు దొరుకుతాయి. ఒక సన్న పీలిక తీసుకుని సబ్బుతో ఉతకండి, కొత్త బట్ట మీద ఉండే పూత పోకపోతే నీరు ఎక్కదు. దాన్ని తాడులా పేని, తడిపి, ఒక కొస కుండీ అడుగు రంధ్రం గుండా మట్టిలోకి, రెండో కొస కింద నీళ్ల డబ్బాలోకి వదలండి. కుండీకీ నీటి మట్టానికీ మధ్య దూరం జానెడు దాటకూడదు. మట్టి ఎండే కొద్దీ నీరు తనంతట పైకి పాకుతుంది. నూలు వత్తి కూడా పనిచేస్తుంది గానీ కొన్ని నెలల్లో మట్టిలో కుళ్లిపోతుంది. పాలిస్టర్‌ను చెమట పీల్చని బట్ట అని తిట్టుకుంటాం, ఇక్కడ అదే గెలుస్తుంది.

మట్టే లేకుండా పెంచే పద్ధతికి మన దేశంలోనూ పాత చరిత్ర ఉంది. కాలిఫోర్నియాలో గెరిక్ అనే శాస్త్రవేత్త 1930లలో నీళ్ల తొట్టెల్లో టమాటా పెంచి హైడ్రోపోనిక్స్ అన్న పేరును వాడుకలోకి తెచ్చాడు. ఆ విద్యను పంపులూ యంత్రాలూ లేని ఇళ్లకు తగ్గట్టు మార్చే పనికి షోల్టో డగ్లస్ 1946లో కాలింపాంగ్‌లో పూనుకున్నాడు. 1951లో వచ్చిన ఆయన పుస్తకం పేరులోనే 'బెంగాల్ సిస్టమ్' అని ఉంటుంది. మనం సీసాలో పెట్టే మనీ ప్లాంట్ దీనికి చిట్టి చెల్లెలు. కణుపు నీళ్లలో మునిగేలా పెట్టాలి, వేర్లు పుట్టేది అక్కడి నుంచే. సీసాకు కాగితం చుడితే పాచి పట్టదు. ఆ ఆకు నమిలితే నోరు మండుతుంది కనుక పాకే పిల్లలకు అందనీయకండి.

వంటింటి కోసం ఏమైనా పెంచుదామంటారా? మెంతికూర పెంచండి. రాత్రి నానబెట్టిన మెంతులను స్వీట్ డబ్బా ట్రేలో ఒత్తుగా చల్లితే రెండు మూడు రోజుల్లో మొలకెత్తుతాయి, రెండు వారాల లోపే కోయొచ్చు. కిటికీ లేదా? 20 వాట్ల మామూలు తెల్ల ఎల్ఈడీ ట్యూబు ట్రేకు అడుగు ఎత్తున కట్టి రోజుకు 12 గంటలు వెలిగిస్తే నెలకు ఏడు యూనిట్ల కరెంటు. వంగపండు రంగు 'గ్రో లైట్లు' ఎక్కువ ధర పెట్టి కొనక్కర్లేదు, తెల్ల వెలుగులో మొక్కకు కావలసిన రంగులన్నీ ఉంటాయి. దూరం పెరిగే కొద్దీ వెలుగు ఇట్టే తగ్గిపోతుంది, అందుకే సీలింగ్ లైటు ఎంత పెద్దదైనా మొక్కకు ఒరిగేది తక్కువే.

గాలి శుభ్రమవుతుందని అమ్మే మాట మాత్రం నమ్మకండి. 1989లో నాసా కోసం వోల్వర్టన్ చేసిన ప్రయోగాల నుంచి పుట్టిన ప్రచారం అది. ఆ ప్రయోగాలు గాలి చొరబడని మూసిన పెట్టెల్లో జరిగాయి. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ తిరగేసి లెక్కగడితే, మామూలుగా ఇంట్లోకి వచ్చిపోయే గాలి చేసే పనిని మొక్కలతో చేయించాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి దాకా కావాలని తేలింది. అన్ని మొక్కలు పెడితే మనం లిఫ్టు పక్కన కాపురం పెట్టాలి. హైవే దుమ్ము మీ మొక్కల ఆకుల మీద కూర్చుంటుంది, వారానికోసారి తడిగుడ్డతో తుడవండి. గాలి కావాలంటే కిటికీ తెరవండి.

తులసి, కరివేపాకు, బంతి, మందారం ఎండ మొక్కలు. బతుకమ్మకు తంగేడు ఇంట్లోనే పూయించాలన్న కోరిక మన ఆడపడుచులు కొందరికి ఉంది. ఆ తంగేడుకు ఎంత ఎండైనా చాలదు, హాల్లో కుదరదు. వీటన్నిటికీ నాలుగైదు గంటల ఎండ తగిలే బాల్కనీ అంచు ఉంటే సరే, లేకపోతే సొసైటీ టెర్రస్ మీద చోటు అడగండి. అడిగితే చాలా సొసైటీలు ఇస్తాయి. ఉత్తరాయణ్ రోజున అక్కడ పతంగుల మాంజా కొమ్మలకు చుట్టుకుంటుంది, మర్నాడు కత్తెరతో కోసి తీసేయాలి, లాగకూడదు.

ఈ ఆదివారం నర్సరీకి బయల్దేరే ముందు, మధ్యాహ్నం పన్నెండింటికి మీరు అనుకున్న మూలలో తెల్ల కాగితం పరిచి చెయ్యి చాపి చూడండి. నీడ పడకపోతే ఆ మూలకు మొక్క కొనకండి.